గంటదొంగలు

మా ఊళ్ళో గడియారం అబద్ధమాడదు. ఊరి మీది మమకారంతో అంటున్న మాట కాదిది, లెక్క వేసి చెబుతున్నాను. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం ఉత్తరాన మీర్జాపూరు దగ్గర నుంచి దిగివచ్చి, మన వైపు అన్నవరానికీ తునికీ మధ్య తీరం దాటి బంగాళాఖాతంలో పడుతుంది. నర్సీపట్నం ఆ గీతకు సుమారు పన్నెండు కిలోమీటర్లు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున కడితే, మా ఊరి స్థానిక సమయానికీ దేశపు గడియారానికీ తేడా అర నిమిషం లోపే. పాత లెక్కలో అయితే ఒక విఘడియకు కాస్త ఎక్కువ. సూర్యుడు ఫిబ్రవరి నడుమ పద్నాలుగు నిమిషాలు ఆలస్యంగానూ, నవంబరు మొదట్లో పదహారు నిమిషాలు ముందుగానూ నడినెత్తికి వస్తాడు, నిజమే. అది సూర్యుడి నడక. ఏడాది సగటు తీసి చూస్తే, మా గోడ గడియారంలో పన్నెండు అంటే పన్నెండే. భూమి మీద ఇంత నిక్కమైన గడియారం కలిగిన ఊళ్ళు బహు కొద్ది.

అటువంటి ఊళ్ళో కూర్చుని, ఏడాదికి రెండుమార్లు నా బతుకును ఒక గంట ముందుకూ, మళ్ళీ ఒక గంట వెనక్కూ జరుపుకోవలసి వస్తోంది. మార్చి రెండో ఆదివారం ఒకసారి, నవంబరు మొదటి ఆదివారం మరొకసారి. చలికాలంలో రాత్రి ఏడున్నరకు మొదలయ్యే సమావేశం ఎండాకాలంలో ఆరున్నరకు వస్తుంది. న్యూయార్కులో అది ఎప్పుడూ ఉదయం తొమ్మిదే. వారికి ఏమీ మారలేదు, మారింది మాకు. ఈ ఏర్పాటు గురించి ఎవరూ మమ్మల్ని అడగలేదు. అడగవలసిన అవసరం ఉందని కూడా ఎవరికీ తోచలేదు.

ఈ టపా ఆ దొంగగంట గురించి. చాలాకాలంగా రాయాలనుకుంటున్నాను. మొన్న నవంబరులో మళ్ళీ గడియారాలు మారినప్పుడు ఇక ఆగలేకపోయాను.

ఎండను మూట కట్టినవారు

దీనికి వారు పెట్టుకున్న పేరు పగటివెలుగును పొదుపు చేసే సమయం. పేరులోనే అబద్ధముంది. వెలుగును పొదుపు చేయడానికి అది బియ్యమా, బెల్లమా? గడియారం ముల్లును ఎటు తిప్పినా పగలు ఒక్క లిప్త పెరగదు. "నా కోడీ నా కుంపటీ లేకపోతే ఈ ఊరికి తెల్లవారదు" అనుకున్న అవ్వ కథ మనందరికీ తెలుసు. ఆ అవ్వకు అధికారముద్ర, గెజెటు, చట్టసభ ఇస్తే ఏమవుతుందో చూడాలంటే ఈ పద్ధతిని చూడాలి.

చరిత్ర పొట్టిదే. 1784లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పారిసువాసులు పొద్దెక్కేదాకా పడుకొని రాత్రి కొవ్వొత్తులు తగలేస్తున్నారని ఒక వెటకారపు లేఖ రాశాడు. అందులో గడియారం తిప్పమని లేదు, పెందలాడే లేవమని ఉంది. 1895లో న్యూజిలాండులో జార్జి హడ్సన్ అనే ఆయన, కొలువు ముగిశాక పురుగులు పట్టుకోవడానికి వెలుతురు చాలక, గడియారాన్ని జరపాలని ప్రతిపాదించాడు. 1907లో ఇంగ్లండులో విలియం విల్లెట్ అనే ఇళ్ళ కాంట్రాక్టరు ఇదే విషయం మీద ఒక కరపత్రం అచ్చు వేశాడు. వీరిద్దరి మాటా అప్పుడు ఎవరూ లెక్కచేయలేదు. లెక్కలోకి తెచ్చింది యుద్ధం. 1916 ఏప్రిల్ 30న జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ బొగ్గు మిగుల్చుకోవడానికి గడియారం తిప్పాయి. శత్రువు చేశాడు గనుక ఇంగ్లండు చేసింది. 1918లో అమెరికా చేసింది. యుద్ధం పోయింది, బొగ్గు దీపాలూ పోయాయి. గంట మాత్రం పోలేదు.

మా ఇంట్లో మిగిలిపోయిన యుద్ధం

"ఇది వాళ్ళ గొడవ, మనకెందుకు?" అనేవారికి మా ఇంటి సంగతి చెప్పాలి.

మన దేశంలోనూ ఒకప్పుడు గడియారం తిప్పారు. రెండో ప్రపంచయుద్ధంలో, 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా, భారత ప్రామాణిక సమయాన్ని ఒక గంట ముందుకు జరిపారు. సార్వత్రిక సమయానికి అయిదున్నర గంటలు ముందుండవలసినది ఆ మూడేళ్ళూ ఆరున్నర గంటలు ముందు నడిచింది. కొత్త టైమనీ పాత టైమనీ మా ఇంట్లో పెద్దలు చెప్పుకొనే మాటలు చిన్నప్పుడు వినేవాణ్ణి. అర్థమయ్యేది కాదు.

అర్థమయింది 2004లో. నాన్నగారు 1944 జ్యేష్ఠమాసంలో, ఈ ఊళ్ళోనే పుట్టారు. తాతగారు తమ పద్దుల పుస్తకంలో "ఉదయం గం. 6-40 ని." అని రాసిపెట్టారు. షష్టిపూర్తి సందర్భంగా నేను విశాఖపట్నంలో ఒక కంప్యూటరు కేంద్రంలో ఆ వివరాలిచ్చి జాతకం అచ్చు వేయించి తెచ్చాను. నలభై పుటలు, రంగుల అట్ట. అందులో మిథునలగ్నం అని ఉంది. చేతిరాత జాతకంలో వృషభలగ్నం. దశాంతర్దశల తేదీలు కూడా నెలల తేడాతో వచ్చాయి. యంత్రం తప్పు చేయదు గనుక, మా ముత్తాతల కాలపు సిద్ధాంతిగారే తప్పు చేసి ఉంటారని ఇంటిల్లిపాదీ తీర్మానించాం. ఎన్నడో బ్రహ్మైక్యం చెందిన ఆయనను పాపం, రెండు రోజులు తిట్టుకున్నాం కూడా.

మామ్మ అప్పటికి బతికే ఉంది. గదిలోంచి ఒక్కమాట అన్నది: "వాడు పుట్టేసరికి పొద్దు అప్పుడే పొడిచిందిరా. వాకిట్లో ఎర్రటి ఎండ. మంత్రసాని ఆ ఎండలోకే తెచ్చి చూపించింది."

జూన్ మొదట్లో మా ఊళ్ళో సూర్యోదయం సుమారు అయిదూ ఇరవైకీ అయిదున్నరకూ మధ్య. ఆరూ నలభైకి ఎర్రటి ఎండ ఉండదు, చుర్రుమనే ఎండ ఉంటుంది. ఒక గంట తీసివేసి చూడండి. అయిదూ నలభై. పొద్దు పొడిచి పావుగంట. తాతగారి గడియారం యుద్ధకాలపు గడియారం. సిద్ధాంతిగారికి ఆ సంగతి తెలుసు, గంట తగ్గించి జాతకం కట్టారు. యంత్రానికి తెలియదు. తెలియదన్న సంగతి కూడా దానికి తెలియదు. నలభై పుటలూ అచ్చువేసి చేతికిచ్చింది.

జ్యోతిషం మీద నమ్మకం ఉండాలా అక్కర్లేదా అన్నది వేరే చర్చ. ఇక్కడ ఆ యుద్ధం వద్దు. లెక్క తప్పు మాత్రం తప్పే. అరవై ఏళ్ళనాడు ఎక్కడో జరిగిన యుద్ధం కోసం తిప్పిన ముల్లు, ఒక పెద్దాయన తన శేషజీవితం గురించి వేసుకునే లెక్కను తప్పించింది. 1942, 1945 సంవత్సరాల మధ్య పుట్టినవారు మీ ఇళ్ళలో ఉంటే, కంప్యూటరు జాతకం తీసుకొని ఒకసారి సరిచూడండి. గడియారాన్ని వెనక్కి తిప్పడం ఒక రాత్రి పని. తిప్పిన గుర్తు చెరిపెయ్యడం మాత్రం ఎవరి తరమూ కాదు.

లేని గంట, రెండుసార్లు వచ్చే గంట

ఇక నా వృత్తి సంగతి. మార్చిలో అమెరికా గడియారం రెండు నుంచి నేరుగా మూడుకు దూకుతుంది. ఆ రాత్రి రెండున్నర అనే సమయం లేదు. నవంబరులో రెండు కాబోతూ మళ్ళీ ఒంటిగంటకు వస్తుంది. ఆ రాత్రి ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. నిద్రపోయేవాడికి ఇది తమాషా. ఒంటిగంటన్నరకు ఫలానా పని చెయ్యమని ఆజ్ఞ పొందిన యంత్రానికి తమాషా కాదు. అది ఆజ్ఞ పాలిస్తుంది. రెండుసార్లు వస్తే రెండుసార్లూ పాలిస్తుంది. అసలు రాకపోతే ఊరుకుంటుంది.

2007లో హైదరాబాదులో పనిచేస్తూ ఉండగా మొదటిసారి దీని రుచి చూశాను. అంతవరకూ అమెరికాలో ఏప్రిల్ మొదటి ఆదివారం మొదలై అక్టోబరు చివరి ఆదివారం ముగిసేది. 2005లో చేసిన ఇంధన చట్టం దానిని మార్చి రెండో ఆదివారానికీ నవంబరు మొదటి ఆదివారానికీ మార్చింది. 2007 మార్చి 11న అమలు. పాత తేదీలు కోట్లాది యంత్రాల కడుపులో పోతపోసి ఉన్నాయి. ఆ ఫిబ్రవరి అంతా మేము ఒక్కొక్క సర్వరుకూ అతుకులు వేస్తూ రాత్రుళ్ళు గడిపాం. రెండువేల సంవత్సరపు గండానికి చిన్నచెల్లెలని అప్పుడు పత్రికలు రాశాయి. అతుకు పడని యంత్రాలు మార్చిలో మారకుండా, ఏప్రిల్లో తమంతట తామే మారి, మూడు వారాల పాటు ఎవరి పంచాంగం వారిదిగా నడిచాయి.

2009 నవంబరు 1 నాకు మరపురాదు. కార్తీకమాసం, ఆదివారం. మిత్రుల కుటుంబాలతో ఊరిబయట తోటలో వనభోజనాలు. మా జట్టు కనిపెట్టి ఉండవలసిన చెల్లింపుల కార్యక్రమం ఒకటి అమెరికా తూర్పుతీరపు సమయం ఒంటిగంటన్నరకు నడుస్తుంది. ఎవరో ఏనాడో పెట్టిన వేళ. మాకు ఉదయం పదకొండుకు నడిచింది. సవ్యంగా పూర్తయిందని సందేశం వచ్చింది. నిశ్చింతగా ఉసిరిచెట్టు కింద విస్తరి ముందు కూర్చున్నాను. పన్నెండు గంటలకు అక్కడ మళ్ళీ ఒంటిగంటన్నర అయింది. కార్యక్రమం మళ్ళీ నడిచింది. ఎందరో సరఫరాదారులకు అదే సొమ్ము రెండోసారి వెళ్ళిపోయింది.

ఫోను వచ్చేసరికి నేను పులిహోర కలుపుకుంటున్నాను. విస్తరి ముందు నుంచి లేచినవాణ్ణి మంగళవారం సాయంత్రానికి గాని ఇంటికి చేరలేదు. వెళ్ళిన సొమ్మును బతిమాలి వెనక్కి రప్పించడానికి వారాలు పట్టింది. ఏడాది చివర నా పనితీరు పత్రంలో ఒక వాక్యం చేరింది, ముందుగా గమనించి ఉండవలసిందని. ఆ ఏడు జీతం పెరగలేదు. నా తప్పు లేదని అనను. రెండుసార్లు వచ్చే గంట ఉంటుందని తెలిసీ ఆ వేళను మార్చమని అడగని తప్పు నాది. కాని ఆ పత్రంలో గడియారాన్ని వెనక్కి తిప్పినవారి ప్రస్తావన లేదు. ఆ వేళను పెట్టినవారి పేరూ లేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. పత్రం మాత్రం ఎలుక మీదనే రాస్తారు.

ఇది నా ఒక్కడి దురదృష్టం కాదు. 2010 నవంబరులో ఐఫోన్ అలారాలు గంట ఆలస్యంగా మోగి చాలామంది కొలువులకు ఆలస్యంగా వెళ్ళారు. నవంబరు రాత్రి అమెరికాలో ఆమ్‌ట్రాక్ దూరప్రయాణపు రైళ్ళు గడియారం తమను అందుకునేదాకా ఒక గంట ఆగి నిలుచుంటాయి. రైలుకు ఆలస్యం లేదు, కాలానికే ఆలస్యం! రోగికి ఒంటిగంటా పది నిమిషాలకు మందు ఇచ్చామని రాస్తే, ఏ ఒంటిగంటా పది అని అడగవలసిన రాత్రి అది.

పేర్ల గందరగోళం

పేర్లు మరో తలనొప్పి. ఐఎస్‌టీ అంటే మనకు భారత ప్రామాణిక సమయం. ఇజ్రాయెలువారూ తమ సమయాన్ని అవే మూడక్షరాలతో పిలుచుకుంటారు, ఐర్లండువారూ పిలుచుకుంటారు. పైగా ఐర్లండు చట్టం ప్రకారం ఎండాకాలపు సమయమే ప్రామాణికం, చలికాలానిది తగ్గింపు. జూలై నెలలో సమావేశానికి పిలుస్తూ "ఉదయం తొమ్మిది, ఈఎస్‌టీ" అని రాసే ప్రబుద్ధులు ప్రతి కార్యాలయంలోనూ ఉంటారు. జూలైలో న్యూయార్కులో ఈఎస్‌టీ అమలులో ఉండదు. మాట పట్టుకొని కూర్చుంటే సమావేశం గంట తప్పుతుంది. పట్టుకోకపోతే, ఎప్పుడు పట్టుకోవాలో తెలియదు.

అరిజోనా రాష్ట్రం ముల్లు తిప్పదు. అందులోని నవాహో ప్రాంతం తిప్పుతుంది. దాని నడుమ ఉన్న హోపీ ప్రాంతం తిప్పదు. ఐరోపా మార్చి చివరి ఆదివారం మారుతుంది గనుక, అమెరికా మారాక రెండుమూడు వారాల పాటు లండనుకూ న్యూయార్కుకూ మధ్య దూరం ఒక గంట తగ్గుతుంది. హైదరాబాదు, లండను, న్యూయార్కు కలిసి మాట్లాడుకునే జట్లు ఆ వారాల్లో తలలు పట్టుకుంటాయి.

ఇక ప్రభుత్వాలు చేసే ఆగం. 2015లో టర్కీ ఎన్నికల కోసం గడియారం మార్పును రెండు వారాలు వాయిదా వేసింది. ఫోనులు వినలేదు, పాత తేదీకే మారిపోయాయి. 2018లో మొరాకో, మార్పుకు రెండు రోజుల ముందు, ఇక మార్చబోమని ప్రకటించింది. 2023 మార్చిలో లెబనాను రంజాను ముగిసేదాకా మార్పు వాయిదా అంటే, కొన్ని సంస్థలూ చర్చీలూ ఒప్పుకోలేదు. కొద్దిరోజుల పాటు ఒకే దేశంలో రెండు సమయాలు నడిచాయి.

ఈ ఆగమంతా పద్దు రాసి ప్రపంచపు యంత్రాలకు అందించేది ఎవరనుకున్నారు? కొందరు స్వచ్ఛంద సేవకులు. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ 1980ల్లో మొదలుపెట్టిన కాలమండలాల దత్తనిధి అది. ఆపైన పాల్ ఎగ్గర్ట్ దాని భారం తలకెత్తుకున్నారు. మన ఫోనులు ఆనుకుని ఉన్నది దాని మీదనే. మన దేశానికి అందులో పేరు ఆసియా/కోల్‌కతా. 1942 నాటి మన యుద్ధగంట కూడా అందులో పదిలంగా నమోదై ఉంది. దానిని చూసి ఉంటే మా నాన్నగారి లగ్నం మారేది కాదు. 2011లో ఒక జ్యోతిష సాఫ్ట్‌వేర్ సంస్థ, తమ అట్లాసులోని వివరాలు వాడుకున్నారని ఈ సేవకుల మీదనే దావా వేసింది. దత్తనిధి కొన్నాళ్ళు మూతపడింది, ఆ తరువాత అంతర్జాల నామసంఖ్యల సంస్థ దాని పోషణ చేపట్టింది. 2012లో ఆ జ్యోతిషులు దావా ఉపసంహరించుకొని క్షమాపణ చెప్పారు. ప్రపంచపు గడియారం ఎంత సన్నని దారానికి వేలాడుతోందో గ్రహించండి.

ప్రతివాదుల మాట

ప్రతివాదుల మాట వినకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. వారు చెప్పేది ముఖ్యంగా విద్యుత్తు ఆదా. సాయంత్రం వెలుతురు ఉంటే దీపాలు ఆలస్యంగా వెలుగుతాయి. ఒప్పుకొందాం. మరి చల్లదనపు యంత్రాల సంగతో? అమెరికాలో ఇండియానా రాష్ట్రం 2006 నుంచి రాష్ట్రమంతటా ముల్లు తిప్పడం మొదలుపెట్టింది. అక్కడి ఇళ్ళ విద్యుత్తు బిల్లులను పరిశీలించిన అర్థశాస్త్రజ్ఞులు వాడకం సుమారు ఒక శాతం పెరిగిందని తేల్చారు. దీపాలలో మిగిలినది ఏసీలలో పోయింది. అమెరికా ఇంధన శాఖ 2008లో ఇచ్చిన నివేదిక, పెంచిన వారాల వల్ల ఆదా ఉందనే అన్నది. ఎంత? ఏడాది మొత్తపు విద్యుత్తులో 0.03 శాతం. దాని కోసమే మేము 2007 ఫిబ్రవరి అంతా జాగారం చేసింది.

పైగా ఇది దూరపు అక్షాంశాలవారి సరదా. లండనులో వేసవి పగలు పదహారున్నర గంటలు, చలికాలపు పగలు ఎనిమిది గంటల లోపు. అక్కడ మిగుల్చుకోవడానికి వెలుగంటూ ఉంది. మా ఊళ్ళో అతి దీర్ఘమైన పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటలు. ఇక్కడి మనిషి వేసవి సాయంత్రం ఎండ ఇంకొక గంట ఉంటే బాగుండునని ఏనాడూ కోరుకోడు. ఎప్పుడు పోతుందా అని ఎదురు చూస్తాడు.

ఎండాకాలానికి తగ్గట్టు వేళలు మార్చుకోవద్దా? మార్చుకోవాలి. మనం మార్చుకుంటూనే ఉన్నాం, వారికన్నా తెలివిగా. దాని పేరు ఒంటిపూట బడులు. మార్చి నడుమ ఒక ఉత్తర్వు వస్తుంది. పిల్లలు ఉదయం ఏడూ ముప్పావుకు బడికి వెళ్ళి, ఎండ ముదిరేవేళకు ఇంటికి వస్తారు. బడివేళ మారింది, గడియారం మారలేదు. జాతకాలు తప్పలేదు, రైళ్ళు ఆగలేదు, ఎవరికీ రెండుసార్లు జీతం పడలేదు. ప్రపంచం వంద సంవత్సరాలుగా తన్నుకుంటున్న సమస్యకు పరిష్కారం మన ప్రాథమిక పాఠశాల నోటీసుబోర్డు మీద ఉంది. గడియారం చెప్పవలసింది ఇప్పుడు ఎంత అయిందన్నదే. ఎప్పుడు లేవాలన్నది మనిషి నిర్ణయించుకోవాలి. ఈ రెండింటినీ కలిపేయడమే మూలదోషం.

మన దేశంలోనూ ముల్లు మీద చెయ్యివేయాలని ఉబలాటపడేవారు లేకపోలేదు. భారత ప్రామాణిక సమయాన్ని అరగంట శాశ్వతంగా ముందుకు జరిపితే విద్యుత్తు ఆదా అవుతుందని 2012లో బెంగళూరు శాస్త్రజ్ఞులు వాదించారు. 2018లో జాతీయ భౌతిక ప్రయోగశాలవారు దేశానికి రెండు కాలమండలాలు ఉండాలని ప్రతిపాదించారు. వీటిని ఏడాదికి రెండుసార్లు తిప్పే పిచ్చితో కలిపి తిట్టను. ఈశాన్యం వారి బాధ నిజమైనది. వేసవిలో అక్కడ నాలుగు గంటలకే తెల్లవారుతుంది, ఆఫీసు తెరిచేసరికి సగం పగలు ఖర్చవుతుంది. అందుకే అస్సాం తేయాకు తోటలు ఏనాటి నుంచో ఒక గంట ముందు నడిచే తోటగడియారం పెట్టుకున్నాయి. వారికి ప్రత్యేక మండలం కావాలా అన్నది వారు తేల్చవలసిన మాట. సూర్యుడు చెప్పినట్టు వినే గడియారం మా ఊళ్ళో ఉండగా, వారికీ అటువంటిది కావాలంటే కాదనడానికి నేనెవరిని? నేను కాదనేది ఒక్కటే, ఋతువు ఋతువుకూ తిప్పడం.

తిప్పేవారికే విసుగు పుట్టింది. 2018లో ఐరోపా సమాఖ్య అభిప్రాయాలు కోరితే 46 లక్షల జవాబులు వచ్చాయి, 84 శాతం ఆపేయమన్నాయి. 2019లో వారి పార్లమెంటు 2021 నుంచి ఆపాలని ఓటు వేసింది. సభ్యదేశాలు ఏ సమయం దగ్గర ఆగాలో తేల్చుకోలేదు. అమెరికా సెనేటు 2022లో శాశ్వతంగా ఎండాకాలపు సమయాన్నే ఉంచాలని ఆమోదించింది, దిగువసభ పట్టించుకోలేదు. మెక్సికో అదే ఏడు చాలావరకు వదిలించుకుంది. అందరికీ వద్దు. ఎవరూ ఆపరు.

మూల్యం ఎవరిది?

నా అసలు ఆక్షేపణ ఇక్కడుంది. వాషింగ్టనులో ఒక చట్టం చేస్తే అక్కడి ఉద్యోగి ఒక రాత్రి ఒక గంట తక్కువ నిద్రపోతాడు. హైదరాబాదు, విశాఖ, బెంగళూరులలో రాత్రిపాళీ చేసే పిల్లలకు ఎనిమిది నెలల పాటు బస్సువేళ, భోజనవేళ, పడకవేళ మారతాయి. చంటిపిల్ల తల్లి పాలిచ్చే వేళ మారుతుంది. ఆరున్నరకు సమావేశమంటే దీపం పెట్టే వేళ. మా ఇంట్లో అమ్మ సంధ్యదీపం పెడుతూ ఉంటే నేను తలుపు మూసుకొని అమెరికా ఉదయానికి శుభోదయం చెబుతూ ఉంటాను. పరదేశపు చట్టం మన పూజగది దాకా వచ్చి కూర్చుంది. అయినా ఏ ఒప్పందంలోనూ దీనికి ఒక పంక్తి ఉండదు. వారి గడియారం స్థిరం, మన బతుకు చరం.

అమెరికాలో ఉన్న మనవారి తిప్పలు వేరు. 2013 దీపావళి గుర్తుందా? అమెరికాలో నవంబరు 2 రాత్రి దీపాలు పెట్టారు. ఆ రాత్రే గడియారం వెనక్కి తిరిగింది. మర్నాటి ఉదయం తూర్పుతీరంలో సూర్యగ్రహణంతోనే పొద్దు పొడిచింది. న్యూజెర్సీ నుంచి మా తమ్ముడు ఫోను చేసి అడిగాడు. "అన్నయ్యా, అమావాస్య ఏడూ యాభై దాకానా, ఎనిమిదీ యాభై దాకానా? ఫోను ఒకటి చెబుతోంది, పొయ్యి మీది గడియారం ఒకటి చెబుతోంది." ఇక్కడి పంచాంగంలో సాయంత్రం 6-20 అని ఉంది. ముందురోజైతే తొమ్మిదిన్నర గంటలు తీసేయాలి, ఆ రోజు నుంచి పదిన్నర. తిథి భూమి అంతటికీ ఒక్క క్షణంలోనే ముగుస్తుంది. చంద్రుడికి లేని గందరగోళం పొయ్యికి వచ్చింది.

మన తప్పు మనమూ ఒప్పుకోవాలి. ఆ కార్యక్రమాలు రాసేది చాలావరకు మనవాళ్ళే. స్థానిక సమయాన్ని నిలవచేసి, ఆనక ఏడ్చేది మనమే. జరిగిపోయినదానిని సార్వత్రిక సమయంలో రాయండి. జరగబోయేదానికి ఊరి సమయంతో పాటు ఊరి పేరు కూడా రాసుకోండి, చట్టం మారితే లెక్క తిరిగి కట్టుకోవచ్చు. అర్ధరాత్రి ఒంటిగంటకూ మూడుకూ మధ్య ముఖ్యమైన పని ఏదీ పెట్టకండి. వేళ ప్రకటించేటప్పుడు ఈఎస్‌టీ అని కాక, "న్యూయార్కు సమయం, భారత సమయం" అని రెండూ రాయండి. మీలో జట్లను నడిపించేవారుంటే మార్చిలో ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఏడు మా వేళ కదలకుండా మీ వేళ కదలకూడదా? అడిగితే ఉద్యోగం పోదు. నేను పోయినేడు అడిగాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. తరువాత అవతలి నుంచి ఒకాయన అన్నాడు: "మీకు మారుతుందని మాకు ఇంతవరకూ తెలియదు." పదిహేనేళ్ళుగా కలిసి పనిచేస్తున్నాం.

సమావేశం ఇప్పుడు ఏడాది పొడుగునా మాకు ఏడున్నరకే. ఎండాకాలంలో వారికి పదయింది. కొంపలేమీ మునగలేదు. అమ్మ దీపం పెట్టే వేళకు మళ్ళీ నేను పక్కన ఉంటున్నాను.